మేటర్ రాని పుస్తకం

నేను ఒక బొమ్మల పుస్తకాన్ని. అట్ట మీద నా పేరు తప్ప లోపల ఒక్క అక్షరం కూడా లేదు. అయ్యో పాపం అనకండి. నా మీద జాలి పడేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. బంగారు రంగు అక్షరాల లావుపాటి గ్రంథాలు బీరువాలో చేరి, బీరువాలోనే చెదపట్టి పోవడం కళ్లారా చూశాను. నన్ను తెరిచి కూర్చున్న పిల్లల్లో చదవలేకపోయినవాళ్లు ఇంతవరకూ లేరు. గొప్ప కోసం చెబుతున్నానంటారా? గొప్ప కోసమే చెబుతున్నాను.

నాలో ఉన్నది ఒక ముసలమ్మ, ఒక మేక, ఒక ఎర్ర గొడుగు. ముసలమ్మ సంతకు బయల్దేరుతుంది. గాలికి గొడుగు ఎగిరిపోతుంది. మేక దాని వెంటపడుతుంది. చివరి బొమ్మలో వాన కురుస్తుంటే ఇద్దరూ ఒకే గొడుగు కింద నిలబడి ఉంటారు. నన్ను గీసినావిడ మొదట్లో ప్రతి బొమ్మ కిందా రెండేసి వాక్యాలు రాసుకుంది. తర్వాత ఒక్కొక్కటే చదువుకుంటూ, "ఇది బొమ్మలోనే ఉందిగా" అనుకుంటూ కొట్టేసింది. చివరికి ఏమీ మిగల్లేదు. తక్కిన పుస్తకాలు మాటలు చేర్చుకుంటూ పుడతాయి, నేను వదిలించుకుంటూ పుట్టాను.

విజయవాడ ప్రెస్సువాళ్లకు ఇది మింగుడుపడలేదు. బొమ్మలు వచ్చాయి గానీ మేటర్ రాలేదని నన్ను ఒక మూల పడేశారు. మేటర్ అంటే వాళ్ల భాషలో అచ్చు వేయాల్సిన రాత. ఇంకా ఆలస్యమేమిటని ఆవిడ ఫోన్ చేస్తే, "మేటర్ మీరు పంపితే గదమ్మా మేం వేసేది!" అని మేనేజరు ఎదురు కసురుకున్నాడు. మేటరే లేదని ఆవిడ చెప్పింది. "సరేనమ్మా, మీ ఇష్టం. అచ్చు తప్పిందని రేపు ఎవరన్నా తిడితే మాత్రం నా పేరు చెప్పకండి" అన్నాడు.

అతను అన్నంతా అయింది. శ్రీకాకుళంలో ఒక పుస్తకాల షాపుకు చేరాక, నన్ను కొన్నవాళ్లు కొన్నట్టే వెనక్కి తెచ్చేవారు. "ఏటండీ ఇది? లోపల అచ్చు పడ్నేదు. వేరేది ఇవ్వండి." జవాబు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టిన షాపాయన నన్ను కింది అరలోకి తోసేశాడు. అక్కడ దుమ్ము తింటున్న రోజుల్లో నాకు బాధ లేదని అబద్ధమాడను.

అప్పుడు వచ్చింది ఇందుమతి టీచర్. సముద్రం ఒడ్డున ఒక చిన్న బడిలో ఒకటి, రెండు తరగతులకు చెబుతుంది. కొత్తగా చదువు మొదలుపెట్టే పిల్లలకు పుస్తకాలు ఎంచుకోవడానికి వచ్చింది. మిగతా బడుల మాస్టర్లు ఎన్ని పేజీలున్నాయి, చివర నీతి ఉందా లేదా అని చూసి కట్టలు కట్టించుకుంటుంటే, ఈవిడ నేల మీద చతికిలబడి కింది అరలన్నీ లాగింది. పేజీకి ఒక్క మాట ఉన్నవి కొన్ని, ఒక్క వాక్యం ఉన్నవి కొన్ని, అసలేమీ లేని నన్నూ నా తోటివాళ్లనూ పక్కన పెట్టింది.

"వారం రోజులు మా పిల్లల ముందు చాప మీద పరుస్తానండి. వాళ్లు పేజీ వెనక్కి తిప్పిన పుస్తకాలు ఉంచుకుంటాను. మిగతావి తెచ్చిచ్చేస్తాను" అంది.

"వెనక్కి తిప్పడం ఏటమ్మా? ముందుకి కదా తిప్పాలి!" అన్నాడు షాపాయన.

"పేజీలు అయిపోవాలనుకునేవాళ్లు ముందుకే తిప్పుతారండి. కథ పట్టుకున్నవాళ్లే వెనక్కి వెళ్లి చూసుకుంటారు."

ఆ మాటకు నేను అప్పుడే ఆవిడకు దాసోహమైపోయాను.

చాప మీద నన్ను మొదట వెనక్కి తిప్పిన చెయ్యి నూకరత్నానిది. రెండో తరగతి. నోరు విప్పితే ఆగని పిల్ల, అక్షరాలు కనిపిస్తే మాత్రం మూగనోము పట్టేది. తండ్రి సముద్రంలో చేపల వేటకు వెళ్లే మనిషి, తల్లి చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. "ఈ గుంటకి సదువు రాదు టీచరమ్మా. ఈ వేసంగి దాకా సూస్తాను. అప్పటికీ సదవకపోతే నాతోపాటు ఎండుసేపల కాడికి తీసుకుపోతాను" అని తల్లి చెప్పేసింది. ఆ మాట విన్నప్పటి నుంచి నూకరత్నం పుస్తకమంటేనే జడిసేది. నా దగ్గర మాత్రం జడవలేదు. జడవడానికి నాలో ఏముంది గనుక!

ముప్పు ఇంకోవైపు నుంచి వచ్చింది. హెడ్‌మాస్టరు జగన్నాయకులుగారు మంచి మనిషి. గుండ్రని చేతిరాత, జేబులో ఎప్పుడూ సిరా పెన్ను. మాటల్లేని పుస్తకాలు చూసి ఆయన ప్రాణం ఉసూరుమంది. పాపం, తనే పూనుకుని నా తోటివాళ్లిద్దరి నిండా రాసేశారు. ఇది ఆవు. ఇది చెట్టు. ఆవు చెట్టు కింద ఉంది. ఆ తర్వాత పిల్లలు ఆ పుస్తకాలు తెరిచి, బొమ్మ వదిలేసి, రాతను చూసి, గుటకలు మింగి మూసేసేవారు. తర్వాతి వంతు నాదేనని తెలిసి నా కుట్లు బిగుసుకుపోయాయి.

ఆ రోజు ఆయన తరగతిలోకి వచ్చి కుర్చీలో కూర్చుని, నన్ను తెరిచి పెన్ను మూత తీశారు. గొడుగు వెంట పోయిన మేక ఇంకా తిరిగి రాక, ముసలమ్మ చెంపన చెయ్యి పెట్టుకుని కూర్చున్న బొమ్మ అది.

"మాస్టారూ, ఒక్కసారి పిల్లల్ని అడిగి రాయండి" అంది ఇందుమతి టీచర్.

"అలాగేనమ్మా. ఏమే నూకరత్నం, ముసలమ్మ ఏం చేస్తోంది? మేక మీద కోపంగా ఉంది. అంతేనా?"

నూకరత్నం లేచి నిలబడింది. "కోపం కాదు మేస్టారూ. బెంగ. నాన్న పడవ రాకపోతే మాయమ్మ ఇలాగే కూకుంటాది."

"కాదే, కనుబొమలు చూడు, కోపమే!"

"మరి కోపమైతే పక్కన గిన్నెలో గెంజి ఎందుకు ఉంచింది? మేకొస్తే తాగడానికే."

గిన్నెను ఆయన అంతవరకూ చూడలేదు. ఆయన చెయ్యి దానంతటదే నా పేజీని వెనక్కి తిప్పింది. వెనక బొమ్మలో ఆ గిన్నె ఖాళీగా ఉంది. ఇంకో పేజీ వెనక్కి వెళ్లారు. "అయినా సరే, కోపం కూడా ఉంది" అన్నారు. పిల్లలు ఉంది, లేదు అని రెండు జట్లయి అరవడం మొదలుపెట్టారు. ఆ గోలలో పెన్ను నుంచి ఒక సిరా చుక్క ముసలమ్మ కాలి పక్కన పడింది.

పిల్లలంతా నా మీదికి వంగారు.

"సీమొచ్చీసింది! గెంజి కోసం!" అంది నూకరత్నం ఆ చుక్కను చూపిస్తూ.

జగన్నాయకులుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వి, పెన్ను మూత పెట్టేశారు.

తర్వాత ఇందుమతి టీచర్ నూకరత్నం చెప్పిన మాటలే అట్టముక్కల మీద రాసి నా బొమ్మల కింద పెట్టేది. "మేక వచ్చింది." "చీమ వచ్చింది." తన నోటి మాటే కనుక ఆ పిల్ల వాటికి జడవలేదు. వేసవి సెలవుల ముందు తల్లి బడికి వచ్చింది. నూకరత్నం అట్టముక్కలు కలిపేసి, ఒక్కొక్కటి తీసి చదివి వినిపించింది. తల్లి నా పేజీలో చెంపన చెయ్యి పెట్టుకున్న ముసలమ్మను చూసింది. "నాలాగే ఉంది" అని మాత్రం అంది. పోతూ పోతూ, "సెలవులయ్యాక పంపిస్తాను టీచరమ్మా" అంది.

ఇప్పుడు నూకరత్నం నిండా అక్షరాలున్న పుస్తకాలు చదువుతుంది. నా వంక చూడదు. నాకేమీ కష్టంగా లేదు. నన్ను దాటి వెళ్లడానికే నన్ను ఎంచుకున్నారు. నా వీపున టేపు, మూలలు అరిగి గుండ్రం, చీమ చుట్టూ వేలిముద్రల మసక. మొన్న మాత్రం తను నన్ను తీసి, కొత్తగా చేరిన ఒక చిన్నపిల్ల ఒళ్లో పెట్టింది.

"ఇందులో ఏటి రాసుందక్కా?"

"ఏటీ నేదు. నువ్వే సెప్పు."

ఆ పిల్ల చీమ మీద వేలు పెట్టి, ఆలోచించి, ఒక పేజీ వెనక్కి తిప్పింది. గొడుగు ఎక్కడుందో దారి చెప్పడానికే చీమ వచ్చిందని మొదలుపెట్టింది. ఇన్నేళ్లలో ఆ కథ నేనెప్పుడూ వినలేదు.