ఎడారిలో నార్వే బంగళా

నర్సింగ్‌ది నిర్మల్ దగ్గర ఒక పల్లె. వంశపారంపర్యంగా వడ్రంగులు. ఖతర్‌కు వచ్చిన చాలా ఏళ్లకు గాని అతని చేతికి తగ్గ పని దొరకలేదు.

దోహాకు ఉత్తరాన ఒక ముసలి అరబ్బుకు తోట ఉంది. ఆయన ఒక ఎండాకాలం నార్వేలో పాతకాలపు జమీందారు భవంతిలో అతిథిగా ఉండి మనసు పారేసుకున్నాడు. అచ్చం అలాంటిదే తన తోటలో కట్టించుకున్నాడు. రెండంతస్తుల తెల్లటి చెక్క ఇల్లు, నల్ల పెంకుల కప్పు, వాకిలి దాకా రెండు వరసల చెట్లు. మూలల్లో దూలాలు మేకుల్లేకుండా ఒకదాన్నొకటి కరిచి పట్టుకునేవి. నార్వే వడ్రంగులు వచ్చి నిలబెట్టారు. వాళ్ల పక్కన పనిచేసిన నర్సింగ్‌ను, వాళ్లు వెళ్లాక అతని కంపెనీ అక్కడే కాపలా ఉంచింది.

చెట్లు మొదటి ఎండకే మాడిపోయాయి. మళ్లీ తెప్పించారు. అవీ పోయాయి. ఇంటిని మాత్రం రాత్రింబవళ్లు నడిచే ఏసీలు కాపాడాయి. ముసలాయన శుక్రవారాలు వచ్చి గోడ తడిమి, "జేన్, నర్సింగ్, జేన్" అని మెచ్చుకునేవాడు.

ఆయన రంజాన్ నెలలో పోయాడు. కొడుకులకు ఆ ఇంటి మీద ఆశ లేదు. నడివేసవిలో కరెంటు తీయించేశారు.

నర్సింగ్ సూపర్‌వైజర్ మారుతికి ఫోన్ చేశాడు. "సార్, కరెంటు బంద్ వెట్టిన్రు. చెక్క పగుల్తది."

"పగిలితే పగలనివ్వవయ్యా. ఓనర్లకు లేని బాధ నీకెందుకు?"

మధ్యాహ్నాలు దూలాలు ఫట్‌మని విచ్చేవి. నర్సింగ్ రంపపుపొట్టు, బంక కలిపి పగుళ్లు పూడ్చేవాడు. మర్నాటికి ఇంకోచోట విచ్చేది. తడి గోనెలు కప్పాడు. నీళ్ల ట్యాంకర్ తెచ్చే గౌస్ మొహియుద్దీన్ చూసి, "ఇడ్సిపెట్టు భాయ్, గిది నీ ఇల్లా?" అన్నాడు. నర్సింగ్ గోనె పిండుతూనే ఉన్నాడు.

ఊరి నుంచి భార్య గౌరవ్వ వీడియోలో చూసి, "గంత పెద్ద బంగ్లల ఎవలుంటరు?" అని అడిగింది.

"ఎవ్వలుంటలేరు."

వేసవి దాటకముందే మారుతి జేసీబీతో వచ్చాడు. స్థలం గోదాములకు ఇచ్చేశారట.

"నేనే ఇప్పుత సార్. ఒక్కొక్క దూలానికి గుర్తు వెడ్త. ఏడనన్న మల్ల నిలవెట్టొచ్చు."

మారుతికి జాలేసింది. ముసలాయన చిన్న కొడుక్కి ఫోన్ కలిపాడు. అటునుంచి వచ్చింది రెండే మాటలు. "మాఫీ. యల్లా." అదేం లేదు, కానివ్వండి అని.

జేసీబీ గుద్దింది. ఇల్లు ఒక పక్కకు ఒరిగింది గాని విడిపోలేదు. పగుళ్లువారిన దూలాలు కూడా మూలల్లో పట్టు వదల్లేదు. డ్రైవర్ విసుక్కున్నాడు. మారుతి నర్సింగ్ ముఖం చూడకుండా, "ఆ అతుకులు కోస్తే గాని రాదు. నీకే తెలుసు ఎక్కడ కోయాలో" అన్నాడు.

నర్సింగ్ రంపం తీసుకున్నాడు. నాలుగు మూలలూ తనే కోశాడు. లోపలి చెక్క ఇంకా పచ్చి వాసనే వేస్తోంది. సాయంత్రానికి అక్కడ పెంకులు, ఇసుక మిగిలాయి. దూలాలు లారీల్లో బిర్కత్ అల్ అవామిర్‌లోని పాత సామాన్ల యార్డుకు పోయాయి.

అతణ్ని బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంప్‌కు మార్చి సెంట్రింగ్ పనిలో వేశారు. అక్కడ పలకలు మేకులతో కొడతారు, కాంక్రీటు గట్టిపడగానే పీకి పారేస్తారు. మొదటి రోజుల్లో అలవాటు కొద్దీ అంచులు చిత్రిక పట్టబోతే ఫోర్‌మన్ కసిరాడు. తర్వాత నర్సింగ్ పట్టడం మానేశాడు.