రాజారావు వెనక్కి ఎందుకు తిరిగాడు

జోజయ్య అంకుల్ ఇంటి గరాజులోంచి కార్లు బయటపెట్టి ప్లాస్టిక్ కుర్చీలు వేస్తే అదే ఆదివారం ప్రార్థన కూడిక. ఆస్ట్రేలియాలోని టూవూంబాలో ఉన్న తెలుగు విద్యార్థులూ, నర్సులూ, రెండు డాక్టర్ల కుటుంబాలూ కలిపినా పాతిక మందికి మించరు. పాటలయ్యాక సాక్ష్యాలు. ఆ వారం తనకు జరిగిన మేలు ఏదైనా ఉంటే లేచి చెప్పాలి. వీసా వచ్చిందని ఒకరు, నాలుగోసారికి డ్రైవింగ్ టెస్టు పాసయ్యానని ఇంకొకరు. చెప్పేటప్పుడు కాస్త మసాలా పడుతుందని అందరికీ తెలుసు. అయినా సాక్ష్యం చెప్పినవాడికి ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. అదే అక్కడి మర్యాద.

ఆ ఆదివారం క్రిస్ లేచాడు.

"గురువారం షాపింగ్ సెంటర్ కార్ పార్కులో ఫెడరల్ పోలీసులు కాల్చినప్పుడు నేనక్కడే ఉన్నాను," అన్నాడు. "రాజారావు గారికీ నాకూ మధ్య పట్టుమని పది గజాలు లేవు. ఆయన పడిపోయారు. పక్కనున్న ట్రాలీ దానంతటదే దొర్లుకుంటూ పోయి ఒక ఎర్రకారుకి తగిలి ఆగింది. నా మోకాళ్ళలో నీళ్ళు నిండినట్టయింది. ఆ తూటా నాకు తగలకుండా కాపాడిన దేవునికి స్తోత్రం."

"స్తోత్రం," అంది గరాజంతా.

వెనక వరసలో కూర్చున్న లాజరస్ మాత్రం అనలేదు. గురువారం ఆ సమయానికి క్రిస్ ఇంట్లో నిద్రపోతున్నాడు. ట్రాలీని చూసింది లాజరస్. ఎర్రకారును చూసింది లాజరస్. మోకాళ్ళలో నీళ్ళు నిండటమన్న మాట కూడా లాజరస్‌దే. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, వంటగదిలో నేలమీద చతికిలబడి, పక్క గదిలో ఉండే క్రిస్‌కు చెప్పుకున్న మాట.

ముందు వరసలో జాక్లిన్ కళ్ళు తుడుచుకుంది. నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది, బాపట్ల అమ్మాయి. ఆమె సంచిలోంచి నీళ్ళసీసా తీసి క్రిస్ చేతిలో పెట్టింది. క్రిస్ తాగి తిరిగిస్తే, మూత బిగించి, మళ్ళీ సంచిలో పెట్టుకుంది. రెండేళ్ళుగా అదే గరాజులో ఆమెకు కుర్చీ తెచ్చి వేస్తున్న లాజరస్‌కు ఆ మూత బిగించిన తీరు గుండెలో ములుకులా దిగింది.

బయటికొచ్చాక నిలదీశాడు.

"అది నాకు జరిగింది కదరా!"

"నీకే జరిగింది. ఎవరు కాదన్నారు మావా?" అన్నాడు క్రిస్, ఏ తడబాటూ లేకుండా. "పోలీసుల దగ్గరికి రా, స్టేట్‌మెంట్ ఇద్దాం అంటే ఏమన్నావ్? వీసాకి ఏమవుతుందో, నా పేరు ఎక్కడా రాకూడదు అన్నావ్. ఎవరో ఒకరు చెప్పాలిగా. చచ్చిపోయింది మనోడు."

 క్రిస్ మొహంలో దొంగతనం చేసినవాడి జాడే లేదు. చెప్పగా చెప్పగా తానే చూశానని అతను నమ్మడం మొదలుపెట్టాడని లాజరస్‌కు అనిపించింది.

జరిగింది ఇదీ. రాజారావు ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే నలభై అయిదేళ్ళ మనిషి. ఆ మధ్యాహ్నం షాపింగ్ సెంటర్ ముందు బెంచీ మీద లాజరస్ పక్కన కూర్చుని ఫోన్‌లో ఎవరితోనో తెలుగులో మాట్లాడాడు. తర్వాత లేచి, ఆసుపత్రి బస్సు ఆగే అవతలి స్టాపు వైపు కార్ల మధ్యనుంచి నడిచాడు. ఆయన భోజనం సంచి బెంచీ మీదే ఉండిపోయింది. లాజరస్ సంచి ఎత్తి పట్టుకుని కేక వేశాడు.

"అంకుల్! మీ బాక్స్!"

ఆస్ట్రేలియా కార్ పార్కులో వెనకనుంచి అంత స్వచ్ఛమైన గుంటూరు గొంతు వినిపించేసరికి రాజారావు తిరిగాడు. సంచి చూసి నవ్వాడు. వస్తున్నానని చెయ్యెత్తి గబగబా వెనక్కి నడిచాడు. మధ్యలో తెల్ల వ్యాను. దానిలో ఉన్నవాణ్ణి పట్టుకోవడానికి మామూలు బట్టల్లో మాటు వేసిన ఫెడరల్ ఏజెంట్లను రాజారావూ చూడలేదు, లాజరసూ చూడలేదు.

ఈ కేక సంగతి మాత్రం లాజరస్ క్రిస్‌కు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. బయల్దేరిన మనిషిని వెనకనుంచి పిలవకూడదని నాయనమ్మ అనేది. బాప్తిస్మం తీసుకుని నలభై ఏళ్ళయినా ఆ ఒక్కటీ ఆవిడ వదల్లేదు. ఎవరైనా ఏదైనా మర్చిపోతే పరుగెత్తి, ఎదురుగా వెళ్ళి ఇచ్చేది. చిన్నప్పుడు నవ్వేవాడు. ఇప్పుడా నమ్మకం లేకపోయినా, ఆ కేక మాత్రం చెవుల్లోంచి పోవడం లేదు. సంచి అతని మంచం కింద ఉంది. దాన్ని పట్టుకునే పారిపోయి వచ్చాడు.

ఆ మూడు వారాలూ ఊరంతా అదే మాట. 'ఆగమని హెచ్చరించాం, ఆగకుండా మా వైపే వచ్చాడు, చేతిలో ఏదో మెరిసింది' అన్నది ఏజెంట్ల వాదన. మెరిసింది బస్సు కార్డని తర్వాత తేలింది. రెండు సెకన్లలో ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరైనా అంతే చేస్తారని కొందరు, దారినపోయేవాళ్ళ మధ్య తుపాకీ తీసే హక్కు ఎవరిచ్చారని కొందరు. రేడియోలో, బస్సులో, లైబ్రరీ మెట్ల మీద ఇదే. ఎక్కడ ఈ మాట వచ్చినా క్రిస్ ఉన్నాడు. యూనివర్సిటీలో పెద్ద తెల్లవాళ్ళు అతని భుజం తట్టి పలకరిస్తున్నారు. జాక్లిన్ అతనితో కలిసి పోస్టర్లు అంటిస్తోంది.

లాజరస్ తన అసూయను అరచేతిలో పెట్టుకుని చూసుకునేవాడు. తనకు అక్కర్లేదని మూలపడేసిన చొక్కాను ఇంకొకడు తొడుక్కుని వీధిలో తిరుగుతుంటే, అది తనకెంత నప్పేదో అప్పుడే తెలిసినట్టు ఉంది. భయాన్ని చూసి కూడా అసూయపడతారా మనుషులు? పడతారు. అంతకంటే లోపల ఇంకొకటి ఉంది. అక్కడికి చేరినప్పుడల్లా అతను ఆలోచన మళ్ళించేవాడు. క్రిస్ చెప్పే కథలో కేక లేదు. ఆ కథలో నిలబడ్డవాడికి ఏ పాపం తెలియదు. లాజరస్ అడిగినా దొరకనిది అదే. తన కథను తనకంటే శుభ్రంగా అనుభవిస్తున్నాడు క్రిస్.

మూడో బుధవారం మధ్యాహ్నం మూడింటికి యూని హాల్లో బహిరంగ చర్చ పెట్టారు. గుంపు మధ్య ఫెడరల్ ఏజెంట్లు ప్రాణాంతక బలం వాడవచ్చా అన్నది విషయం. వద్దనే పక్షాన క్రిస్. ఎదుటి పక్షాన కౌశల్. సిడ్నీ శివారు ద పాండ్స్‌లో పుట్టి పెరిగిన లా విద్యార్థి, తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లిష్‌లోనే వస్తుంది. "లాజరస్, ఇక్కడ సీటుంది," అని జాక్లిన్ ముందునుంచి చెయ్యూపింది. ఆమె పక్క కుర్చీలో క్రిస్ కోటు ఉంది. అది తీసి తనను కూర్చోబెడుతుందన్నమాట. అక్కర్లేదని సైగ చేసి వెనక్కి పోయాడు.

కౌశల్ ఇంగ్లిష్‌లో నెమ్మదిగా మాట్లాడాడు. "నాకు ఆ కుటుంబం మీద జాలి ఉంది. కానీ ఆ వ్యానులో ఉన్నవాడి దగ్గర తుపాకీ ఉందని వాళ్ళకు సమాచారం. వెళ్ళిపోతున్న మనిషి హఠాత్తుగా తిరిగి చెయ్యెత్తుకుని మీ మీదికి వస్తే మీరేమనుకుంటారు? అతను ఎందుకు తిరిగాడు? క్రిస్ పదిసార్లు ఈ కథ చెప్పాడు, ఇది ఒక్కసారీ చెప్పలేదు."

హాలు కదిలింది. క్రిస్ ఏదో చెప్పబోయేలోగా రెండో వరసలోంచి ఒకామె లేచింది. మనిషి పొట్టి, నల్ల స్వెట్టర్, చేతిలో ఏమీ లేదు. రాజారావు భార్య కాత్యాయని. మైకు అందించారు. ఆమె తెలుగులో మాట్లాడింది.

"బాబూ, నువ్వు అక్కడే ఉన్నావన్నారు. వాదనలు నాకు తెలీవు. ఆ అబ్బాయి అడిగిందే నేనూ అడుగుతున్నా. డ్యూటీకి ఒక్క నిమిషం లేటయితే ఒప్పుకోని మనిషి. బస్సు అవతల ఉంది. అటే వెళ్తున్నారు. మళ్ళీ వెనక్కి ఎందుకు తిరిగారు?"

కౌశల్ మైకు దించి ఆ మాటల్ని ఇంగ్లిష్‌లో అందరికీ చెప్పాడు. వెటకారం లేకుండా, ఒక్క ముక్క పోకుండా చెప్పాడు.

క్రిస్ నోరు తెరిచి మూశాడు. అది గరాజు కాదు. ఇక్కడ ఎదురు ప్రశ్న వేస్తారు.

చెప్పు, ఇప్పుడు చెప్పు, అనుకున్నాడు లాజరస్. మూడు వారాల్లో మొదటిసారి ఒంట్లోకి తీపి పాకింది. ఇంకో పది క్షణాలు ఆగితే చాలు. వాడి అబద్ధం వాడే కూలుస్తాడు. దానితోపాటు ఏజెంట్ల వాదన గెలుస్తుందని, ఎదురుగా నిలబడ్డ మనిషి జవాబు లేకుండా ఇంటికి పోతుందని కూడా తెలుసు. తెలిసే ఆ పది క్షణాలూ కోరుకున్నాడు.

అప్పుడు క్రిస్ మైకు దగ్గరికి జరుపుకున్నాడు.

"నా కోసం అండీ," అన్నాడు. కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. "ఆ ఏజెంట్ల తుపాకీ నా వైపుందని ఆయన చూశారు. నన్ను పక్కకి నెట్టడానికి వచ్చారు. నా కోసం వచ్చారండీ ఆయన."

హాల్లో ఎవరో ఏడ్చారు. జాక్లిన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

లాజరస్ ఎప్పుడు లేచాడో అతనికే తెలియదు.

"కాదు!" అని అరిచాడు. "నా కోసం వచ్చారు! నేను పిలిస్తే వచ్చారు!"

తలలన్నీ తిరిగాయి. ఆ మాట తన నోటినుంచి ఏ గొంతుతో వచ్చిందో అతనికి స్పష్టంగా వినిపించింది. పశ్చాత్తాపపడే మనిషి గొంతు కాదది. ఆటబొమ్మ లాక్కున్నవాడి మీద పడే పిల్లవాడి గొంతు. మూడు వారాలు అంతరాత్మ తోసినా కదలని మాటను అసూయ ఒక్క తోపుకు బయటపడేసింది. ఇక వెనక్కి తీసుకునే దారి లేదు.

"ఒరేయ్, కూర్చోరా," అన్నాడు క్రిస్ మైకులోనే.

"నువ్వు నిద్రపోతున్నావు క్రిస్. నేను చెప్తే విన్నావు." లాజరస్ నడవాలోకి వచ్చాడు. కాత్యాయని వైపు చూసి చెప్పడం మొదలుపెట్టాడు. "మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నామండీ. ఆయన లేచి వెళ్ళాక చూశాను, బాక్సు సంచి ఉండిపోయింది. అంకుల్, మీ బాక్స్ అని కేకేశాను. తిరిగారు. నాలుగడుగులు వేశారు. అప్పుడు వాళ్ళ అరుపు వినిపించింది. అరుపూ, కాల్పూ ఒక్కసారే వచ్చాయి. ఆగడానికి ఆయనకు మధ్యలో ఒక్క క్షణం కూడా ఇవ్వలేదు. పిలిచింది నేనేనండీ. పరుగెత్తి వెళ్ళి ఇచ్చుంటే..."

ఆ వాక్యం పూర్తి కాలేదు. చర్చ నడిపిస్తున్న ప్రొఫెసరమ్మ ఏమైందని అడిగితే కౌశల్ ఆమెకు ఇంగ్లిష్‌లో చెప్పాడు. అరుపూ కాల్పూ అన్నచోట ఆగి, లాజరస్ వైపు తిరిగి, "ఆర్ యూ ష్యూర్, మేట్?" అన్నాడు. లాజరస్ తల ఊపాడు. కౌశల్ తన చేతిలోని కాగితాలు బల్ల మీద బోర్లా పెట్టేశాడు. "ఇది ఇక్కడ కాదు, ఎంక్వైరీలో చెప్పాల్సింది. రేపు నేను నీతో వస్తాను. వీసాకేం కాదు."

క్రిస్ స్టేజీ మీద అలాగే నిలబడి ఉన్నాడు. ఏదో పోగొట్టుకుని జేబులు తడుముకుంటున్నవాడిలా ఉన్నాడు. అతణ్ణి అలా చూడటానికి ఇన్నాళ్ళూ తపించిన లాజరస్‌కు ఇప్పుడు దానిలో రుచి దొరకలేదు.

కాత్యాయని వరసలోంచి బయటికి వచ్చింది. దగ్గరగా నిలబడింది. కొడుతుందేమో అనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

"బాక్సేది?" అంది.

"నా దగ్గరుందండీ. మంచం కింద."

"తెరిచావా?"

"లేదండీ."

"నీలం సంచేనా?"

"అవునండీ."

 ఆమె మైకు దూరంగా పెట్టి, అతనికి మాత్రమే వినపడేలా అంది. "పొద్దున గొడవపడ్డాం. మళ్ళీ దొండకాయేనా అన్నారు. ఇష్టమైతే తినండి, లేకపోతే పారేసుకోండి అన్నాను. పోలీసులు అన్నీ ఇచ్చారు, పర్సూ, ఫోనూ, బూట్లూ. బాక్సు ఒక్కటీ లేదు. ఎక్కడో వదిలేసి పోయారనుకున్నా, కోపంతో." ఆమె చెయ్యి అతని చొక్కా చేతిని పట్టుకుంది. "చూశావుగా నువ్వు. సరిగ్గా చెప్పు. వదిలేశారా, మర్చిపోయారా?"

ఈ ప్రశ్న కోసమే ఆమె ఇంత దూరం వచ్చిందని లాజరస్‌కు అప్పుడు అర్థమైంది. ట్రాలీ కాదు, ఎర్రకారు కాదు, మోకాళ్ళలో నీళ్ళు కాదు. క్రిస్‌కు ఎప్పటికీ అందని జవాబు ఒకటి తన దగ్గర ఉంది. ఆ క్షణంలో కూడా ఆ సంగతి మనసులో మెరిసి, సిగ్గనిపించింది.

"మర్చిపోయారండీ," అన్నాడు. "ఫోన్ మాట్లాడుతూ లేచారు. నేను సంచి ఎత్తి చూపిస్తే నవ్వారు. నవ్వుతూనే వచ్చారు, దానికోసం."

"నవ్వుతూ?"

"అవునండీ."

"మళ్ళీ చెప్పు బాబూ."

చెప్పాడు. చెబుతుండగా జాక్లిన్ సంచిలోంచి నీళ్ళసీసా తీస్తూ ఇటే రావడం కంటి చివర కనిపించింది. అది తనకేనేమోనని చూపు ఒక్క క్షణం అటు పోయింది. జాక్లిన్ దాన్ని కాత్యాయనికి అందించింది. లాజరస్ చూపు వెనక్కి తెచ్చుకున్నాడు. ఆమె తాగి మూత పెట్టేదాకా ఆగి, అడగకుండానే మూడోసారి చెప్పాడు.