మా గ్యాలరీ బాత్రూమ్ ఖాళీగానే ఉంది

చలికాలంలో బాత్రూమ్‌కి వెళ్లడానికి రోడ్డు దాటాల్సి రావడం ఏం బతుకో నాకర్థం కాదు. అదీ కెనడాలో, విన్నిపెగ్‌లో. ముందు లోపలి స్వెట్టరు, దానిమీద కోటు, మఫ్లరు, టోపీ, చేతులకి తొడుగులు, కాళ్లకి బూట్లు. ఇవన్నీ తగిలించుకునేసరికి పరిస్థితి చెయ్యి దాటిపోతూ ఉంటుంది. పరిగెత్తుదామా అంటే కింద మంచు. ఎలాగో రోడ్డు దాటి డోనట్ల కొట్లో దూరితే, 'ఏదైనా కొన్నవాళ్లకే బాత్రూమ్' అని గోడమీద బోర్డు. సరేనని ఒక కాఫీ కొంటాం. కొన్నాక పారెయ్యలేం కదా, తాగుతాం. వెనక్కొచ్చి, అన్నీ విప్పి, కుర్చీలో కుదురుగా కూచున్నాక ఆ కాఫీ తన పని మొదలుపెడుతుంది. మళ్లీ స్వెట్టరు, మళ్లీ కోటు.

మాకు బాత్రూమ్ లేక కాదు. ఉంది. పోయినేడే కొత్త టైల్స్ కూడా వేయించాం. కాకపోతే అది కళాఖండం.

నా పేరు రస్సెల్ ఫ్లెట్. ఊరి నడుమ పాత గిడ్డంగుల పేటలో ఒక కళాకేంద్రానికి డైరెక్టర్ని. డైరెక్టరంటే ఏదో ఊహించుకోకండి. బల్బులు మార్చడం, ఒక ప్రదర్శన అయిపోగానే గోడలకి మళ్లీ తెల్లరంగు కొట్టడం, గ్రాంట్ల కోసం అర్జీలు రాయడం నా పని. మాది లాభాపేక్ష లేని సంస్థ. లాభం కూడా మమ్మల్ని ఏనాడూ అపేక్షించలేదు. మేం చూపించేది కొత్త రకం కళ. అంటే చూడ్డానికొచ్చినవాళ్లు, "ఇది అయిపోయిందాండీ, ఇంకా బిగిస్తున్నారా?" అని అడిగే రకం.

ఈ కేంద్రాన్ని మొదలుపెట్టిన కళాకారుల్లో ఇప్పుడు మిగిలింది థోరా బ్యార్నసన్ గారొక్కరే. ఎనభై దగ్గరపడ్డాయి. గోడంత ఊలు తెరలు నేసేవారు. చేతులు వణకడం మొదలయ్యాక మగ్గం ఆపేశారు. భర్త పోయారు, పిల్లల్లేరు. ప్రతి శనివారం మా ముందుగదిలో బల్ల దగ్గర కూచుని వచ్చినవాళ్లని పలకరిస్తారు. వారంలో ఆవిడకి మిగిలిన రోజు అదొక్కటే. మిగతా ఆరూ ఆ శనివారం కోసం ఎదురుచూడ్డానికి.

మా దగ్గర నియమాలు పెద్దగా లేవు. ఉన్న ఒక్కటీ ఆవిడ పెట్టిందే. కళాకారుడి పని మీద ఇంకొకళ్లు చెయ్యి వెయ్యకూడదు. ఎప్పుడో ఆవిడ వయసులో ఉండగా ఒక బ్యాంకువాళ్లు ఆవిడ తెర కొనుక్కుని, కిటికీకి అడ్డొస్తోందని కింద మూరెడు కత్తిరించేశారట. ఆ కోపంలోంచి పుట్టింది మా సంస్థ. వేరే సంస్థలు ఆశయాల్లోంచి పుడతాయి.

ఇంకో ఆచారం కూడా ఉంది. మేం ఓట్లు వేసుకోం. అందరూ ఒప్పుకునేదాకా మీటింగు నడుస్తుంది. ఎవరైనా "నాకెందుకో మనసొప్పట్లేదు" అన్నారంటే ఆ విషయం అక్కడితో సరి. అందుకే ఎవరూ ఆ మాట అనరు. అంటే మీటింగు మళ్లీ మొదటికొస్తుంది, ఇంటి దగ్గర భోజనం చల్లారిపోతుంది.

అలాంటి మీటింగులోనే లారిస్సా హ్రించుక్ అనే కుర్ర కళాకారిణి నుంచి ప్రదర్శన ప్రతిపాదన వచ్చింది. 'తలుపున్న చిన్న గది కావాలి' అని రాసిందా అమ్మాయి. నేను సామాన్లు పెట్టుకునే గది అనుకున్నాను. మా బోర్డు అధ్యక్షుడు గ్లెన్ పెన్నర్ పళ్ల డాక్టరు. అతనేమనుకున్నాడో ఇప్పటికీ చెప్పలేదు. అందరం తలూపాం. డిసెంబర్లో లారిస్సా వచ్చింది, గదులన్నీ తిరిగింది, బాత్రూమ్ ముందు ఆగింది.

"ఇదే," అంది.

నేను గ్లెన్ వంక చూశాను. గ్లెన్ థోరా గారి వంక చూశాడు.

"అడిగిన చోటు ఇవ్వాలి," అన్నారు థోరా గారు. "అందుకేగా మనం ఉన్నది."

"అవునవును," అన్నాడు గ్లెన్. "చాలా ధైర్యమైన ఎంపిక." అతని ఆస్పత్రిలో బాత్రూములు రెండున్నాయి.

లారిస్సా చేసింది ఇదీ. గడియ మీద ఎర్ర గుర్తుంటుంది కదా, లోపల మనిషున్నట్టు? దాన్ని ఎరుపు మీదే ఉండేలా బయట్నుంచే స్క్రూడ్రైవరుతో తిప్పి బిగించేసింది. పక్కన చిన్న ఇత్తడి రేకు మీద పేరు: 'ఎవరో ఉన్నారు'. అంతే. జనం వచ్చేవాళ్లు, ఎర్ర గుర్తు చూసి నిలబడేవాళ్లు. మా ఊళ్లో తలుపు కొట్టడం మర్యాద కాదు. కాసేపటికి వాళ్ల వెనక ఇంకొకళ్లు. ఆ లైనే కళ. ఊరి పత్రికలో రాశారు, మన ఓర్పుకి అద్దం పట్టిందని. ఓ పెద్దమనిషి మధ్యాహ్నమంతా నిలబడి, వెళ్తూ వెళ్తూ నాతో, "పాపం లోపలాయనకి ఒంట్లో బాలేనట్టుంది," అన్నాడు.

పై అంతస్తులో ఇంకో బాత్రూమ్ ఉంది. ఆ అంతస్తు ఖాళీ. తాళం ఇంటాయన దగ్గరుంది. ఇంటాయన వేసవి వచ్చేదాకా ఫ్లోరిడాలో ఉంటాడు. ఫోను ఎత్తడు.

సరే, ప్రదర్శన ఫిబ్రవరి ఆఖరుదాకానే కదా అని పళ్ల బిగువున భరించాం. ఆఖరి రోజు అందరం తలో వంటకం తెచ్చుకున్నాం. ఆలుగడ్డ కూరిన పెరోగీలు, నిలవ దోసకాయలు, థోరా గారి ప్రూన్ పళ్ల పొరల కేకు. గ్లెన్ గ్లాసు పట్టుకుని లేచాడు. ప్రతి ప్రదర్శన చివరా అతను చెప్పే మాట ఒకటుంది. నేలంతా తడి ఇసుక పరిచి మా చెక్క ఫ్లోరు పాడుచేసినాయనకి కూడా అదే చెప్పాడు.

"లారిస్సా, ఇది వెళ్లిపోతుంటే ఇల్లు ఖాళీ అవుతున్నట్టుందమ్మా. ఎప్పటికీ ఇక్కడే ఉండిపోతే ఎంత బావుండేదో!"

లారిస్సా కళ్లనిండా నీళ్లు.

"నిజంగానా? నేను చేసినవేవీ ఇంతవరకు ఎవరూ ఉంచుకోలేదండీ. అన్నీ మా అమ్మ గరాజ్‌లో పడున్నాయి. ఉంచుకోండి. మీకే ఇచ్చేస్తున్నా, ఎప్పటికీ."

అందరూ చప్పట్లు కొట్టారు. గ్లెన్ కూడా కొట్టాడు, నావంక చూడకుండా.

మర్నాడు అతనికి ఫోన్ చేశాను. "ఆ మాట వెనక్కి తీసుకో," అన్నాను.

"ఎలా రస్? ఆ అమ్మాయి ఏడ్చిందయ్యా."

"నేనూ ఏడుస్తున్నాను."

"నువ్వేడిస్తే పేపర్లో రాదు."

బోర్డు మీటింగు పెట్టాం. తెరిపించేద్దామని అందరికీ ఉంది, పైకి అనడానికి ఎవరికీ నోరు రాలేదు. చివరికి గ్లెన్ గొంతు సవరించుకుని, "అంటే... పెద్దవాళ్లున్నారు. థోరా గారి లాంటివాళ్లకి ఇబ్బంది..." అన్నాడు.

"నన్ను అడ్డం పెట్టుకోకు," అన్నారు థోరా గారు. "నా తెర కత్తిరించినవాళ్లు కూడా వెలుతురు కోసమే అన్నారు."

ఆ విషయం అక్కడితో సరి. మిగిలిన కేకు తిని లేచాం.

ఆ తర్వాత శనివారాలు నేను గమనిస్తూ ఉన్నాను. ముందు ఆవిడ ఫ్లాస్కు రావడం మానేసింది. పొద్దున టీ మానేశారు. మంచినీళ్లు మానేశారు. పెదాలు ఎండిపోయి ఉండేవి. అప్పటికీ ఒక్కసారైనా రోడ్డు దాటక తప్పేది కాదు.

"నేను చెయ్యి పట్టుకుంటానండీ," అన్నాను.

"ఎందుకూ? నేను గిమ్లీలో, సరస్సు గడ్డకట్టిన నెలలో పుట్టినదాన్ని. నడక నేర్చుకున్నదే మంచు మీద."

మార్చిలో పగలు మంచు కరుగుతుంది, సాయంత్రానికి మళ్లీ గాజులా గడ్డకడుతుంది. ఒక శనివారం రోడ్డు మధ్యలో ఆవిడ పడిపోయారు. బస్సు డ్రైవరు బస్సాపి దిగొచ్చి లేవదీశాడు. మణికట్టు వాచింది, తుంటి ఎముక అదృష్టం కొద్దీ నిలిచింది. ఇంకోసారి పడితే నిలవదన్నాడు డాక్టరు. ఆ సాయంత్రమే బ్రాండన్ ఊరినుంచి ఆవిడ మేనకోడలు ఫోను.

"చూడండి రస్సెల్ గారూ, మా అత్త ఇంకొక్కసారి పడిందంటే నేనొచ్చి తీసుకొచ్చేస్తా. ఇక్కడ వృద్ధుల వసతిలో గది మాట్లాడే ఉంచాను. మంచి చోటు. టీవీ కూడా ఉంది."

థోరా గారు ఒక టీవీ ముందు! అక్కడ ఆవిడ ఆరు నెలలు కూడా బతకరని నాకు తెలుసు. మేనకోడలికి తెలీదు. అందులో ఆ మేనకోడలి తప్పూ లేదు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. సోమవారం లారిస్సా పనిచేసే లైబ్రరీకి వెళ్లాను. పుస్తకాలు సర్దుతోంది. బల్ల మీద చేతులు పెట్టి మొత్తం చెప్పేశాను. బాత్రూమ్, రోడ్డు, కాఫీ, థోరా గారు, తుంటి.

ఆ అమ్మాయి చేతిలో పుస్తకం అలాగే ఉండిపోయింది.

"మీకున్నది అదొక్కటేనా?"

"ఒక్కటే."

"మరి నాకెవరూ చెప్పలేదే!"

"నువ్వు బాధపడతావని..."

"మీరంతా మాటిమాటికీ కోట్లేసుకుని బయటికెళ్తుంటే సిగరెట్లకి అనుకున్నానండీ! ఇంతమంది తాగుతారా అని ఆశ్చర్యపోయాను కూడా." తల పట్టుకుంది. "అయ్యో, ఆ పెద్దావిడ నావల్లేనా పడింది? పదండి, ఇప్పుడే."

స్క్రూడ్రైవరు తనే తెచ్చుకుంది. కొంచెంసేపు తంటాలు పడితే గడియ తిరిగింది. గుర్తు ఆకుపచ్చ అయింది. పాత రేకు ఊడదీసి కొత్తది పెట్టింది: 'ఎవరూ లేరు'. "ఇప్పుడిది రెండో భాగం," అంది. "ఎవరైనా రావచ్చు, వాడుకోవచ్చు. వాడుకోవడమే పని." ప్రారంభోత్సవం నేనే చేశాను. దాని గురించి ఎక్కువ చెప్పను గానీ, కోటు లేకుండా వెళ్లిరావడం ఎంత సుఖమో!

శనివారం థోరా గారు చేతికి కట్టుతో వచ్చారు. తలుపు చూశారు. ఆకుపచ్చ చూశారు. కొత్త రేకు చదివారు.

"ఎవరు తెరిచారు?"

"లారిస్సానే. తన చేత్తోనే."

"తనంతట తనొచ్చిందా? నువ్వెళ్లి అడిగావా?"

ఆవిడకి అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. "అడిగాను."

"నేను పడ్డానని చెప్పావా?"

"చెప్పాను."

"ముసలిది పడిందని చెప్తే ఏ ఆడపిల్ల కాదంటుంది రస్సెల్? దాన్ని ఒప్పుకోవడం అంటావా? నువ్వు కత్తెర తీసుకెళ్లి ఆ పిల్ల చేతికిచ్చావు. అంతే."

కోపంగా అనలేదు. అంటే బావుండేది. లేచి కోటు తొడుక్కోవడం మొదలుపెట్టారు. కట్టుకట్టిన చెయ్యి కోటు చేతిలో పట్టలేదు, నేనే తొడిగాను. ఇద్దరం రోడ్డు దాటాం. ఆవిడ లోపలికెళ్లారు, నేను కాఫీ కొన్నాను.

తర్వాతి వారం లారిస్సా స్వయంగా వచ్చింది. ఆవిడ పక్కన మోకాళ్ల మీద కూచుంది.

"నా ఇష్టంతోనే తీశానండీ. నిజం. ఇలాగే బావుంది నాకు."

"నువ్వు మంచిపిల్లవే," అన్నారు థోరా గారు ఆ అమ్మాయి బుగ్గ తడుతూ. "మంచిపిల్లలు అలాగే అంటారు. నేనూ ఆ బ్యాంకువాళ్లతో ఫరవాలేదండీ అనే అన్నాను."

లారిస్సా నా దగ్గరకొచ్చి, "ఆవిడన్నదీ నిజమేనేమో," అంది. "మీరు చెప్పకపోతే తీసేదాన్ని కాదుగా."

ఇప్పుడు సంగతేమిటంటే, థోరా గారు ఎవరినీ ఏమీ అనరు. బల్ల దగ్గర కూచుంటారు. ఆ బల్ల సరిగ్గా బాత్రూమ్ తలుపుకి ఎదురు. నేను నాలుగడుగులు వేస్తానా, ఆవిడ చదువుతున్న పుస్తకంలోంచి తల ఎత్తుతారు. అంతే, నేను తిరిగొచ్చి కోటు తీసుకుంటాను. మొన్న గ్లెన్ వచ్చాడు. ధీమాగా తలుపుదాకా వెళ్లాడు. వెనక్కి చూశాడు. చెయ్యి గడియ మీంచి తీసేసి ఇత్తడి రేకు మీదకి వంగి, దాన్ని నవల చదివినట్టు చదివి, "బావుంది, చాలా బావుంది," అంటూ రోడ్డు దాటాడు. వారంలో మిగతా రోజులు ఆవిడ ఉండరు కదా, వాడుకోవచ్చు కదా అంటారు మీరు. ప్రయత్నించాం. సుఖంగా లేదు.

కాబట్టి మా బాత్రూమ్ తెరిచే ఉంది, దీపం వెలుగుతోంది, సబ్బు కూడా పెట్టాం, కేంద్రం మొత్తం డోనట్ల కొట్టుకెళ్తోంది. శనివారం నేను ఆవిడ మోచెయ్యి పట్టుకుని దాటిస్తాను, అంతవరకు ఒప్పుకున్నారు. కానీ నేను గోడకి రంగు కొడుతూనో, వచ్చినవాళ్లతో మాట్లాడుతూనో ఉంటే పిలవరు. తిరిగి చూసేసరికి బల్ల ఖాళీ, ఆవిడ రోడ్డు మధ్యలో. మేనకోడలు ఈస్టర్‌కి వస్తోంది, గది ఇంకా పట్టే ఉంచిందట.

నేను ఆలోచించనిది లేదు. మళ్లీ మూయించేద్దామంటే, మూసినా రోడ్డు దాటాల్సిందే. బల్ల పక్కగదిలోకి జరుపుదామంటే వచ్చినవాళ్లు కనపడరని ఆవిడ ఒప్పుకోలేదు. పెళ్లిళ్లకి అద్దెకిచ్చే ప్లాస్టిక్ బాత్రూమ్ ఒకటి తెచ్చి వాకిట్లో పెడదామనుకున్నాను. మా వాకిట్లో ఏది పెట్టినా మొదట వచ్చినవాళ్లు అడిగేది, ఇది చేసిన కళాకారుడెవరండీ అని. అప్పుడు దాన్నీ ముట్టుకోనివ్వరు ఆవిడ.

మీలో ఎవరింట్లోనైనా ఇలాంటి పెద్దావిడ ఉంటే దయచేసి చెప్పండి. ఒట్టి పంతమైతే బతిమాలో, అలిగో గెలవొచ్చు. ఈవిడ చెప్పేది న్యాయం, అదీ నా తంటా. ఆవిడని అబద్ధం ఆడకుండా, అవమానించకుండా, తన సొంత ఇంట్లో తన సొంత బాత్రూమ్‌కి ఎలా పంపాలి? చేతులెత్తి దణ్ణం పెడతాను, ఏదైనా ఒక మార్గం చెప్పండి. త్వరగా చెప్పండి. పొద్దుట్నుంచి కరుగుతోంది, సాయంత్రం గడ్డకడుతుందంటున్నారు, రేపు శనివారం.