సిపాయిలు వదిలేసిన బట్టీ

సిపాయిలు సమ్మెటలతో వచ్చి రొట్టెల బట్టీలను ఒక్కొక్కటిగా పగలగొట్టారు. మహాయుద్ధం ముగిశాక బొగ్గు ధర పడిందని కంపెనీ కూలి తెగ్గోసింది. చిలీ తీరంలోని పుంతా ప్లోమాలో సముద్రం కింద బొగ్గు తవ్వేవాళ్లు సమ్మె కట్టారు. నెల దాటినా ఎవరూ పస్తుండలేదంటే వీధివీధికీ ఉన్న ఆ ఉమ్మడి బట్టీల చలవే. ఇటుకలు కూలాక పిల్లలు బూడిదలో రొట్టెముక్కలు ఏరుకున్నారు.

చివరి బట్టీ దగ్గర కంపెనీ మేస్త్రీ చెయ్యెత్తాడు. "దీన్ని ముట్టుకోకండి. ఇందులో గనిరొట్టె కాలింది. ఈ వీధిలో బుద్ధిమంతుడొకడున్నాడు!"

గనిలోకి దిగేవాడు నడుముకు కట్టుకుపోయే పొడుగు రొట్టె అది. సమ్మె మొదలయ్యాక ఏ ఇల్లాలూ దాన్ని చెయ్యలేదు. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రోసెండా తల దించుకుంది.

కూతురి జ్వరం చూడలేక ఆమె మొగుడు నికనోర్ దొంగచాటుగా పనికి దిగాడు. గుండ్రటి రొట్టె ఇచ్చినా సరిపోయేది; అలవాటున పడ్డ చేతులు పొడుగ్గా వత్తేశాయి. ఊరి బట్టీలన్నీ కూలి, తన ద్రోహం కాలిన బట్టీ ఒక్కటే నిలిచింది. ఆ సిగ్గు ఆమె భరించలేకపోయింది.

సిపాయిలు వెళ్లగానే గడ్డపలుగు పట్టుకుని దాని మీదికి ఉరికింది. "ఆ రొట్టె నాదే! దిగింది మా ఆయనే!"

ముసలి క్లోరిందా పలుగు లాగేసింది. "నీ పాపం కడుక్కోడానికి మా బట్టీ పగలగొడతావటే?"

"తిట్టు అవ్వా, కొట్టు."

"తిడతాలే, కడుపు నిండాక."

"దీని చేతి రొట్టె నా పిల్లలు తినరు!" అంది పక్కింటి ఎర్మెలిందా.

"అయితే పిండి నువ్వు పిసుకు. కట్టెలు అది మోస్తుంది."

ఊరి పిండంతా ఆ బట్టీ దగ్గరికి చేరింది. పొగ చూసి లెఫ్టినెంటు పరుగెత్తుకొచ్చాడు. "ఇది పనిలోకి వచ్చినవాడి ఇంటికే! ఎవరు వెలిగించమన్నారు?"

"నేనే," అంది రోసెండా. "ఆ పనిలోకి వచ్చినవాడి పెళ్లాన్ని. నా ఇష్టం, ఊరందరికీ పెడతాను."

ఆమె చేతులు కట్టేశారు. సమ్మెట ఎత్తిన సిపాయి, బట్టీ చుట్టూ కమ్ముకున్న ఆడవాళ్లను చూసి దించేశాడు. ఎర్మెలిందా ముందుకొచ్చి వేడి రొట్టె ఒకటి రోసెండా శాలువాలో దోపింది. "తొందరగా రా. ఈ కట్టెలు నేను మోయలేను."

మర్నాడు పనికి రమ్మనే గని కూత వినబడింది. నికనోర్ కట్టెల మోపుతో బట్టీ దగ్గరికి వచ్చాడు. ఎవరూ పలకరించలేదు, పొమ్మనీ అనలేదు. ఆ రోజు కాలినవన్నీ గుండ్రటి రొట్టెలే.