నడిమి పాఠం

ప్రతి ఆదివారం సాయంత్రం పద్నాలుగు మందికి టీ పెట్టడం ఆమె పని. తొమ్మిదేళ్లుగా అదే పని. ముందుగది ఊడ్చి చాపలు పరవాలి. మోకాళ్లు వంగనివాళ్ల కోసం గోడవారగా మూడు కుర్చీలు వెయ్యాలి. గుమ్మం దగ్గర చెప్పులు అడ్డం పడకుండా జతలు జతలుగా సర్దాలి. బుద్ధుడి మాటలు చదువుకునే ఆ కూటమిని పెట్టింది భర్తే అయినా, అది నడిచేది ఆమె కాళ్ల మీద. ఆ సంగతి ఎవరూ అనలేదు, ఆమె కూడా అనుకోలేదు.

పాఠం చెప్పేది నిదానం మాస్టారు. లెక్కల మాస్టారుగా చేసి దిగిపోయిన మనిషి. ఆయన మాటకీ మాటకీ మధ్య ఒక ఉల్లిపాయ తరిగెయ్యొచ్చని ఆమె అంచనా. మొదట్లో మంచినీళ్లిస్తూ ఓ పది నిమిషాలు వింటుంది. ఆ తర్వాత వంటింట్లోకి పోవాలి. పాలు కాగి, టీ మరిగి, పద్నాలుగు గ్లాసులూ తొణక్కుండా పళ్లెంలో పెట్టుకుని వచ్చేసరికి పాఠం చివరికొచ్చేసి ఉంటుంది. అలా తొమ్మిదేళ్లలో ఆమెకి అన్ని పాఠాల తలలూ తెలుసు, తోకలూ తెలుసు. మొండెం ఒక్కటీ తెలీదు. తల అంటే, ఇది ఉంటేనే అది ఉంటుంది, ఇది లేకపోతే అది లేదు అని మాస్టారు చెప్పేది. తోక అంటే, టీ గ్లాసు అందుకుంటూ భర్త తేల్చేది: "మొత్తానికి ఎవరు చేసుకున్నది వాళ్లకే." అందరూ తలలూపుతారు. లోపలి గదిలో మంచం మీద నుంచి అత్తగారు కూడా "అంతేగా మరి" అంటుంది. ఆవిడకి చూపు మందగించింది గానీ చెవులు పాము చెవులు.

ఆ తోక వచ్చి ఆమెకి ఎప్పుడూ ఒకేచోట తగిలేది. పంతొమ్మిదేళ్ల కిందట ఏడో నెలలో కడుపు పోయింది. ఆడపిల్ల. వేళ్లకి గోళ్లు కూడా వచ్చాయని ఆయా చెప్పింది. అప్పుడు అందరూ అన్నది ఒక్కటే మాట. ఆస్పత్రి వరండాలో భర్త అన్నాడు, "మన చేతుల్లో ఏముంది, నీ కర్మ." చూడ్డానికొచ్చిన ఆడపడుచు "మా వదిన కర్మ ఇలా ఉంది" అని కళ్లొత్తుకుంది. అత్తగారు మెత్తగానే అంది, "పోయిన జన్మలో ఏ తల్లిని ఏడిపించావో అమ్మాయ్, ఈ జన్మలోనన్నా ఒద్దికగా ఉండు." ఆమె ఉంది. పోయిన జన్మలో తానెవరో, ఎవరి బిడ్డనేం చేసిందో తెలీక, తనంటే తనకే భయం పుట్టి ఉంది. మళ్లీ కడుపు పండలేదు. అదీ ఆ ఖాతాలోనే పడింది. పక్కింటావిడ పిల్లని ఎత్తుకోమని అందిస్తే, చేతులు తడిగా ఉన్నాయనేది. పంతొమ్మిదేళ్లపాటు తడి ఆరని చేతులు.

ఆ ఆదివారం పాలు సగం కాగాక పొయ్యి మంట ఒకసారి పైకి లేచి, చిన్నబోయి, ఆరిపోయింది. సిలిండరు కుదిపి చూసింది, ఖాళీ. ఇంకోదానికి చెప్పమని భర్తకి పదిరోజులుగా చెబుతోంది. ఏం చెయ్యాలో తోచక వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. తొమ్మిదేళ్లలో మొదటిసారి నడిమి పాఠం ఆమె చెవిన పడింది.

"ఒకాయన వచ్చి బుద్ధుణ్ణి అడిగాడు," అంటున్నాడు మాస్టారు. "మనిషి పడే సుఖమైనా దుఃఖమైనా అంతా వెనక చేసుకున్నదే అంటున్నారు కొందరు, తమరేమంటారు, అని." ఆగాడు. "ఆయన అన్నాడూ, కొన్ని బాధలు పిత్తం వల్ల వస్తాయి. కొన్ని కఫం వల్ల. కొన్ని వాతం వల్ల. మూడూ కలిస్తే కొన్ని. కాలం మారితే కొన్ని. సరిగ్గా చూసుకోకపోతే కొన్ని. బయటివాళ్లు కొడితే కొన్ని. కర్మ వల్ల కూడా కొన్ని. ఏది దేనివల్ల వచ్చిందో నీకు నువ్వే తెలుసుకోవచ్చు, లోకమూ ఎరుగును. అంతా కర్మే అనేవాళ్లు తమకి తెలిసినదాన్ని దాటిపోయి మాట్లాడుతున్నారు, అన్నాడు."

మొత్తం ఎనిమిది. వాటిలో కర్మ ఒక్కటి. అదీ ఆఖర్న.

ఆమె వెనక్కి వెళ్లి ఆరిపోయిన పొయ్యిని మళ్లీ వెలిగించబోయింది. అగ్గిపుల్ల వేలిదాకా కాలింది. మళ్లీ గుమ్మంలోకి వచ్చింది. ఎవరో తన గొంతుతో అడిగినట్టు వినబడింది.

"మాస్టారూ, బరువులు మొయ్యడం ఆ ఎనిమిదిలో దేని కిందికొస్తుంది?"

పద్నాలుగు తలలు తిరిగాయి. భర్త నవ్వాడు. "టీ ఏమైంది?"

"గ్యాసైపోయింది. చెప్పండి మాస్టారూ."

"ఎవరు మోశారమ్మా?"

"నేనే. ఏడో నెలలో."

మాస్టారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. "ఆరోది కావచ్చు. సరిగ్గా చూసుకోకపోవడం."

"ఎవరు చూసుకోకపోవడం?"

"అది బుద్ధుడు చెప్పలేదమ్మా. తెలుసుకోవచ్చని మాత్రం అన్నాడు."

కుర్చీలో ఒక పెద్దాయన దగ్గాడు. ఇంకొకాయన గడియారం చూసుకున్నాడు. ఆవేళ ముగింపు మాట చెప్పకుండానే భర్త అందర్నీ సాగనంపాడు.

తలుపేసి వచ్చి మొదలుపెట్టాడు. "నలుగురిలో ఇంటి సంగతులు పరచడమేమిటి? గ్యాసైపోతే నోరు మూసుకుని పక్కింట్లో కాచుకు రావచ్చుగా." ఆమె చాపలు చుడుతోంది. ఒకటి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది. పంతొమ్మిదేళ్లు ఏ తలుపు తోసినా గోడే తగిలేది, పోయిన జన్మ అనే గోడ. అవతలికి చూపు ఆనదు. ఇవాళ ఎవరో ఆ గోడ మీద చెయ్యి వేసి, ఇదిగో ఇక్కడ గడియ ఉంది అన్నట్టుంది. తీస్తే అవతల ఎవరుంటారో తెలుసు. ఈ ఇంట్లోవాళ్లే ఉంటారు. తీయకుండా ఉండడం ఇక ఆమెకి చేతకాదు.

"ఏమండీ," అంది. "మీరు కాలిన కొట్లు చూడ్డానికి వెళ్తారు కదా."

భర్తది బీమా ఆఫీసులో ఆ ఉద్యోగమే. ఎక్కడ అగ్గి పడినా వెళ్లి, బూడిద కెలికి, ఏ తీగ దగ్గర మొదలైందో చెప్పాలి. అందులో దిట్ట అని పేరు.

"అయితే?"

"కొట్టువాడి కర్మ అని రాసిస్తే మీవాళ్లు ఒప్పుకుంటారా?"

"ఇంటికి పంపుతారు." నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగాడు.

"కొట్టువాళ్లని ఎలా అడుగుతారో నన్నూ అలా అడగండి. ఒక్కసారి. ఆ రోజు సంగతి."

"ఎప్పటి మాట. ఇప్పుడెందుకు?"

"నాకు కావాలి."

ఆ రెండు మాటలు ఆమె ఆ ఇంట్లో అంతకుముందు ఎప్పుడూ అనలేదు. అందుకే కాబోలు, అతను పెన్ను తీశాడు. మొదట వెటకారంగానే అడిగాడు. తర్వాత వృత్తి అతన్ని పట్టుకుంది. పొద్దున ఎన్నింటికి లేచావు? నాలుగున్నరకి. అప్పుడు నొప్పి ఉందా? లేదు, నడుం బిగదీసినట్టుంటే అత్తయ్యకి చెప్పాను, ఏడో నెలలో అలాగే ఉంటుంది, పని చేస్తే కాన్పు తేలిక అన్నారు. ఏం బరువులు మోశావు? నీళ్లు. ఎక్కడివి? కింద కుళాయివి. మనది రెండో అంతస్తు కదా. మీ చెల్లెలి తరఫు చుట్టాలు ఎనిమిదిమంది దిగారు ఆ వారం. ఎన్నిసార్లు ఎక్కావు? పదకొండు. రెండేసి బకెట్లు. లెక్క ఎలా గుర్తు? పన్నెండోసారి ఎక్కలేకపోయాను కాబట్టి. డాక్టరమ్మకి చెప్పావా? బరువులేమన్నా ఎత్తావా అని ఆవిడ అడిగింది. నేను నోరు తెరిచేలోపు అత్తయ్య అన్నారు, "ఎక్కడమ్మా, కూర్చోబెట్టి మేపుతున్నాం." నేనూరుకున్నాను. అదొక్కటీ నాది. రాసుకోండి.

అతను రాశాడు. అలవాటుగా తరవాతి ప్రశ్న కూడా వచ్చేసింది. "కింద నుంచి ఎందుకు మోశావు? పైకి నీళ్లెక్కవా?"

"మోటారు కాలిపోయింది. అప్పటికి మూడ్రోజులు."

"మిస్త్రీకి చెప్పలేదా?"

పెన్ను కాగితం మీద ఒకచోట ఆగి, అక్కడే చుక్క పెద్దదయింది. ఆఫీసులో తనిఖీలని, చూద్దాంలే అని ఆ మూడ్రోజులూ అన్నది ఎవరో అతనికి గుర్తొస్తోందని ఆమెకి తెలుస్తోంది. వీపు చూస్తే తెలుస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఆమె ఎక్కువగా చూసింది ఆ వీపునే.

"నేను కావాలని చేశానా?" అన్నాడు.

"కావాలని చేశారని నేను అనలేదు. అత్తయ్యా కావాలని చెయ్యలేదు. కానీ జరిగింది ఈ ఇంట్లో, ఈ జన్మలో. మీరేమో నన్ను పోయిన జన్మలో వెతుక్కోమన్నారు."

అతను కాగితం మడిచాడు. జేబులో పెట్టుకుందామా, చింపుదామా అన్నట్టు పట్టుకుని, చివరికి బల్ల మీదే వదిలి, చెప్పులేసుకుని బయటికి వెళ్లాడు. ఇంకా వెలుతురుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు కిందికి దిగి, ఆగి, మళ్లీ నడిచింది. ఆమెకి ఏడుపు రాలేదు. తేలిగ్గానూ లేదు. ఇన్నేళ్లు తన మీద తాను పెట్టుకున్న భయాన్ని ఇప్పుడెక్కడ పెట్టాలో తెలీక గదిలో అటూ ఇటూ తిరిగింది.

"అమ్మాయ్," అని పిలిచింది లోపల్నుంచి అత్తగారు.

ఆవిడ అంతా విని ఉంటుంది. ఆమె మనసు గట్టిచేసుకుని వెళ్లింది. మామగారు పోయినా, చెయ్యి విరిగినా తొణకని మనిషి మంచం మీద లేచి కూర్చుని ఉంది. చూపానని కళ్లు ఆమె మొహం కోసం కాస్త పక్కగా వెతుకుతున్నాయి. తిడుతుందనుకుంది. శాపనార్థాలైనా సరే వినడానికి సిద్ధపడింది.

"మీ మామయ్య ఒక చెల్లెలికి అన్న, నలుగురికి తమ్ముడు. అంతమందికీ నేనే వండేదాన్ని," అంది ఆవిడ. "వీడికి ముందు నాకు ఇద్దరు పోయారు. నా కర్మ అన్నారు. మా అత్త అంది, మా అమ్మా అంది. నీకు అనడం నాకు అక్కణ్ణుంచే వచ్చింది." చీర చెంగు వేళ్లకి చుట్టుకుంది, విప్పింది. "నాది కూడా కర్మ కాదేమో అంటావా?"

కాదని ఆమె చెప్పలేదు. అవుననీ అనలేదు. తనకి తెలిసినదాన్ని దాటిపోయి మాట్లాడదల్చుకోలేదు. బల్ల మీది పెన్నూ, ఒక తెల్లకాగితం తెచ్చుకుని మంచం పక్కన కూర్చుంది.

"మొదటి కాన్పు ముందు రోజు పొద్దున," అంది, "ఎన్నింటికి లేచారు అత్తయ్యా?"