సిర్కా లేని మటన్ తొక్కు

రాజేశ్వర్ రావు సార్‌కు తెలియనిది లోకంలో లేదు. ఆ సంగతి రోజూ ఆయనే చెప్పుకోవాల్సి రావడం ఒక్కటే లోటు. హన్మకొండలో మా కాలేజీలో సూక్ష్మజీవుల పాఠం చెప్పేవాడు, హాస్టల్ వార్డెన్ కూడా. నేను హాస్టల్ గుమాస్తాను కాబట్టి ఆ వాగుడంతా భరించే భాగ్యం నాదే.

డెబ్బై ఎనిమిదిలో ఆయన గాజుపళ్లెంలో క్రిములు పెంచి లవంగనూనె చుక్క వేశాడు. క్రిములు చచ్చాయి. ఇంకేం, కోతికి కొబ్బరిచిప్ప దొరికింది. తిన్నగా వంటగదిలోకి వచ్చాడు.

అక్కడ దిల్షాద్ బేగం మటన్ తొక్కు పెడుతోంది. మొగుడు పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఆ వంట కొలువుతోనే సాకుతున్న మనిషి. ముక్కల్ని ఉప్పులో, సిర్కాలో, అంటే వెనిగర్‌లో, నానబెట్టి, ఆరబెట్టి, వేయించి, చివర్లో లవంగనూనె కలుపుతుంది. ఆమె తొక్కు రెండు నెలలైనా చెడదు.

"ఉప్పు, సిర్కా దండుగ. నూనె ఒక్కటి చాలు, నేను పరీక్ష చేసిన" అన్నాడు సార్.

"గాజుపళ్లానికి కొవ్వుండదు గద సార్. మాంసంల కొవ్వు నూనెను మింగుతది. పులుపు, ఉప్పు తోడుంటేనే లవంగం పనిజేస్తది."

"నువ్వు నాకు చెప్తవా?"

నిలబడి మరీ సిర్కా సీసాను మోరీలో ఒంపించి, వట్టి లవంగనూనెతోనే తొక్కు పెట్టించాడు. నాకు ఒళ్లు మండింది, అయినా ఖాళీ సీసాను లెక్కల పుస్తకంలో కొట్టేశాను.

వారం తిరగకముందే ఆ తొక్కు తిని పద్నాలుగు మంది పిల్లలు వాంతులతో దవాఖానలో పడ్డారు. సార్ రిపోర్టు రాశాడు. తొక్కు నిక్షేపంగా ఉందట, వడ్డించిన చేతులే మురికివట, వంటమనిషిని తీసేయాలట. తప్పు తనదైనా తన నూనెకు మచ్చ రాకూడదు! ఆ అబద్ధాన్ని టైపు కొట్టింది నేనే, సిగ్గులేకుండా.

ప్రిన్సిపాల్ సత్యనారాయణ గారు విచారణకు పిలిచారు. దిల్షాద్ అదే తొక్కు జాడీ తెచ్చి బల్లమీద పెట్టింది, సార్ ముందుకు గరిటె జరిపింది.

"తొక్కు మంచిగనే ఉన్నదని రాసిండ్రు గద సార్. జర ఒక్క ముక్క తినుండ్రి."

సార్ మూత తీశాడు, వాసన తగిలి వెంటనే పెట్టేశాడు.

"ఇయ్యాల శనివారం. నేను నీసు ముట్టను."

"ఇయ్యాల బేస్తారం సార్, శనివారానికి ఇంక రెండు దినాలున్నయి" అన్నాను. నాలుగేళ్లలో ఆయన మాట కాదనడం అదే మొదలు.

దిల్షాద్ జాడీని ఆయన ముందుకు ఇంకాస్త జరిపింది.

"మీ నోట్ల పెట్టుకోనిది పిల్లగాండ్ల నోట్ల ఎట్ల పెట్టిపిచ్చిండ్రు సార్?"

ప్రిన్సిపాల్ గారు రిపోర్టును రెండుగా చించి, ఆమెను వంటకు పొమ్మన్నారు.