తోక తెగిన పేరు

ప్రింటింగు షాపులో పనిచేసే కోడలు చేతికిచ్చిన కాగితాన్ని అత్త వెలుతురుకేసి పట్టి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. బడిలో కొత్తగా చదువు నేర్చిన ఆడవాళ్లకి ఆ సాయంత్రమే ఇవ్వబోయే పట్టాల్లో తనదది. వేలు పేరు మధ్యలోనే ఆగిపోయింది. చివరి అక్షరాలు లేవు.

ఆ ఆఖరి అక్షరం కింద వత్తు కుదురుగా నిలబెట్టడానికి ఆమెకి వానాకాలమంతా పట్టింది. పగలల్లా ఇస్త్రీపెట్టె తోసిన చెయ్యి పెన్ను పట్టుకుంటే మాట వినేది కాదు.

షాపు యజమాని తేలిగ్గా కొట్టిపారేశాడు. పెన్నుతో కలిపేస్తే సరి, ఎవరు చూడొచ్చారన్నాడు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

"సగం పేరుకి నేను చప్పట్లు కొట్టించుకోను బాబూ. మొత్తం వచ్చేదాకా ఇక్కడే ఉంటా."

కోడలి మొహం చిన్నబోయింది. పట్టిక కట్టింది తనే. పేర్లన్నిట్లోకీ అత్తగారిదే పొడుగని వేళ్ల మీద లెక్కపెట్టి, ఇంకో రెండక్షరాలకి చోటు కలిపి మరీ పేర్ల కాలమ్‌కి హద్దు పెట్టింది. అయినా ఎలా తెగింది? బడివాళ్లు పంపిన అసలు పట్టిక తెరిచి, పేర్ల పక్కన కొత్త కాలమ్ పెట్టి, ఒక్కో పేరు పొడవెంతో కంప్యూటర్నే కొలవమంది. అత్తగారి పేరుకెదురుగా తన లెక్కకి రెట్టింపు పడింది.

నమ్మకం కుదరక 'స్త్రీ' అని కొట్టి చూసింది. కంటికి ఒక్క అక్షరమే. లెక్క ఆరు అని వచ్చింది.

"ఇది గుడినీ వత్తునీ దేనికది విడదీసి లెక్కపెడుతోంది అత్తయ్యా," అంది నీరసంగా.

అత్త పకపకా నవ్వింది. "పాపం, అదీ నాలాగే ముదిరాక బడికెళ్లినట్టుంది. మొదట్లో నేనూ అంతే, ఒక్కో గీతా ఒక్కో అక్షరమనుకునేదాన్ని."

కోడలికీ నవ్వొచ్చింది. పొడవుని బట్టి పేర్లని వరసలో పేర్చింది. తీరా చూస్తే అన్నిటికన్నా పైన అత్తగారి పేరు లేదు. నిండా వత్తులతో, అత్తతోపాటే చదువు నేర్చిన మెట్లు తుడిచే ఆవిడ పేరుంది. అచ్చయిన కాగితాల్లో ఆవిడ పేరు మరీ మొండెంలా మిగిలింది.

అత్త నవ్వు ఆపేసింది. "అది నోరెత్తే మనిషి కాదు. ఇచ్చింది పుచ్చుకుని, మడిచి దాచేస్తుంది. ముందు దానిది కొట్టు."

కోడలు పేర్ల కాలమ్ హద్దుని ఆ పేరు పట్టేంత పెంచి, ఆపైన మరికాస్త చోటు వదిలింది. తెగిన పేర్లన్నీ మళ్లీ అచ్చుకి పెట్టింది. ఇంత కాగితం దండగా అని యజమాని సణిగాడు. అత్త అతని నలిగిన కాలరు వంక చూసి, ఆ చొక్కా నా దగ్గరకి పంపండి, దండగ తీర్చేస్తానంది. అతను కాలరు తడుముకున్నాడు.

వేడివేడిగా వచ్చిన మొదటి కాగితం, మెట్లు తుడిచే ఆవిడది, అత్త చివరంటా చదివింది. తర్వాత తనది. వేలు ఈసారి వత్తు దాకా వెళ్లి ఆగింది.

స్టూలు ఎక్కడిదక్కడ పెట్టేసి, "మిగతావీ ఇలా తే," అంది, "ఒక్కోటీ చదివి చూస్తా."